ప్రయోగశాల గడప దాటకూడనివి

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగపాఠం)



ఈవేళ నేను చెప్పబోయే విషయం వినగానే “ఇది మనకెందుకమ్మా, సైన్సు చదివినవాళ్ళ గొడవ” అని రేడియో కట్టేయకండి. ప్రయోగశాలల్లో రోగక్రిముల వల్ల వచ్చే ప్రమాదాలు, వాటినుంచి కాపాడుకునే పద్ధతులు – ఇదీ విషయం. వినడానికి బరువుగా వుంది గాని, విప్పి చూస్తే ఇందులో మనకు తెలియనిది చాలా తక్కువ.

ఆలోచించి చూడండి, ల్యాబు అనే మాట వినపడకుండా మన ఇళ్ళల్లో ఎన్నాళ్ళు గడుస్తాయి? మామగారికి షుగరు పరీక్ష, చంటివాడికి నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే డెంగీ పరీక్ష, వియ్యపురాలికి థైరాయిడు పరీక్ష. వీధి చివర బోర్డు పెట్టుకున్న చిన్న ల్యాబు దగ్గర్నుంచి పెద్దాసుపత్రి ల్యాబు దాకా రోజూ ఎన్ని వందల రక్తం గొట్టాలు చేతులు మారుతున్నాయో! ఆ చేతులు ఎవరివి? మన పిల్లలవే. డి.ఎం.ఎల్.టి. చదివిన పక్కింటి అమ్మాయి, మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలో చేరిన మేనకోడలు, గొట్టాలు కడిగి గది తుడిచే ఆయా. సాయంత్రం కాగానే వీళ్ళంతా ఇళ్ళకి వస్తారు. మన వంటింట్లోనే కూర్చుని కాఫీ తాగుతారు. మరి ఇది మన గొడవ కాకపోతే ఎవరి గొడవ?

అసలు ప్రయోగశాలలో పని ఎలా జరగాలో ముందు చెప్పుకుందాం. మన పెద్దవాళ్ళు మడి కట్టుకుని వంట చేయడం చాలామంది చూసే వుంటారు. మడిలో వున్న మనిషి తీరు వేరు. బట్ట మార్చుకోవాలి, చేతులు కడుక్కోవాలి, ఇది ముట్టుకోకూడదు, ఆ గడప దాటకూడదు. బయటిదేదీ లోపలికి రాకూడదని ఆ తాపత్రయమంతా. ప్రయోగశాలలోనూ అలాంటి నియమాలే వున్నాయి, కాకపోతే వరస తిరగబడింది. అక్కడ లోపలిదేదీ బయటికి పోకూడదు. కోటు లోపలే విడవాలి, చేతులు బయటికొచ్చేముందు కడగాలి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమౌతుంది.

అన్ని క్రిములూ ఒకటే ప్రమాదం కావు కదా! అందుకని ప్రయోగశాలలను నాలుగు మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టులో ఆరోగ్యంగా వున్నవాళ్ళకి మామూలుగా జబ్బు తెప్పించని క్రిములు. కాలేజీ పిల్లలు మైక్రోస్కోపులో చూసేవి ఇలాంటివే. రెండో మెట్టు మన రక్తపరీక్షలు జరిగే చోటు. కామెర్ల క్రిమి, టైఫాయిడు క్రిమి వుండగల నమూనాలు ఇక్కడికి వస్తాయి. మూడో మెట్టు గాలిద్వారా సోకి ప్రాణం మీదికి తెచ్చేవాటికి. క్షయ క్రిములను పెంచి పరీక్షించడం లాంటి పనులకు ఈ ఏర్పాటు కావాలి. నాలుగో మెట్టు ఎబోలా, నిపా లాంటివాటికి. అక్కడ పనిచేసేవాళ్ళు తలనుంచి పాదందాకా మూసివున్న దుస్తులు వేసుకుంటారు, ఊపిరి పీల్చుకునే గాలి గొట్టంద్వారా వస్తుంది, బయటికి రావాలంటే స్నానం తప్పనిసరి. మన దేశంలో పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థలో ఇటువంటి ప్రయోగశాల వుంది. 2018లో కేరళలో నిపా వచ్చినప్పుడు నమూనాలు ఆ సంస్థకే పంపి నిర్ధారించుకున్నారు.

మూడో మెట్టులో ఇంకో చమత్కారం వుంది. ఆ గదిలోకి గాలి లోపలికే వెళుతుంది గాని తలుపు సందుల్లోంచి బయటికి రాదు. వంటింట్లో ఎగ్జాస్టు ఫ్యాను వేసినప్పుడు పోపు ఘాటు హాల్లోకి రాకుండా అటే పోతుంది చూశారూ, అదే సూత్రం. అయితే మన ఫ్యాను ఆ ఘాటును పక్కింటివాళ్ళ మీదికి వదిలేస్తుంది. అక్కడ మాత్రం బయటికి పంపే గాలిని హెపా అనే జల్లెడగుండా వదులుతారు. మిల్లీమీటరులో మూడు వేలోవంతు వుండే నలుసుల్లో కూడా నూటికి 99.97 వంతులు ఆ జల్లెడలో ఆగిపోతాయి. కోవిడు రోజుల్లో మనలో చాలామంది కోవాగ్జిన్ టీకా వేయించుకున్నాం. ఆ టీకాకు కావలసిన సజీవ వైరస్‌ను జీనోమ్ వ్యాలీలో ఇలాంటి మూడో మెట్టు ఏర్పాట్లలోనే పెంచి, తరువాత చంపి, టీకాగా తయారుచేశారు.

ఇక మన ప్రెషర్ కుక్కరుకి పెద్దక్క ఒకావిడ అక్కడ వుంటుంది. పేరు ఆటోక్లేవు. వాడిన గొట్టాలు, క్రిములు పెంచిన పళ్ళాలు అందులో పెట్టి 121 డిగ్రీల వేడిలో, పదిహేను పౌండ్ల ఆవిరి ఒత్తిడిలో, కనీసం పావుగంట, సరుకునుబట్టి ఇంకా ఎక్కువసేపు ఉడికిస్తారు. కుక్కరు గిన్నెల్ని మరీ కుక్కేస్తే నడిమి గిన్నెలో బియ్యం పలుకుగా వుండిపోవూ? అక్కడా అంతే. సంచులు బిగించి కుక్కితే ఆవిరి మధ్యకు చేరదు, పైన చచ్చినా లోపలి క్రిములు బతికే వుంటాయి. యంత్రం ఎంత ఖరీదైనదైనా సర్దే మనిషికి ఓపిక లేకపోతే లాభం లేదన్నమాట.

ఇన్ని ఏర్పాట్లు వున్నా ప్రమాదాలు జరిగాయి. ఎలా జరిగాయో తెలుసుకుంటే మనకే ఆశ్చర్యం వేస్తుంది.

మశూచి గురించి మన అమ్మమ్మల తరాన్ని అడగాలి. పెద్దమ్మవారు పోసిందంటే ఆ గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అది భక్తితో కట్టినా, వీధిలోవాళ్ళకి “ఈ ఇంట్లో జబ్బుంది, లోపలికి రావద్దు” అన్న కబురు కూడా అందులో వుండేది. ఇప్పుడు ప్రయోగశాల తలుపుమీద మూడు నెలవంకలు ఒకదానికొకటి తగులుకున్నట్టు ఒక గుర్తు కనిపిస్తుంది. 1966లో అమెరికాలో తయారైంది అది. చూసినవాళ్ళు మరిచిపోకూడదు, అంతకుముందు దానికి మరే అర్థమూ వుండకూడదు అని ఏరికోరి ఆ బొమ్మను ఎంచారు. మన వేపమండల కబురే ఆ గుర్తుదీను.

ఆ మశూచిని టీకాలతో తరిమి తరిమి కొట్టారు. మన దేశంలో 1975లో చివరి కేసు. ప్రపంచంలో సహజంగా సోకిన చివరి మనిషి సోమాలియాలోని ఒక ఆస్పత్రిలో వంటవాడు. అది 1977 అక్టోబరు. ఆయన బతికాడు. ఇక పీడ విరగడైందని ప్రపంచమంతా సంతోషిస్తున్న సమయంలో, ఏడాదైనా తిరక్కుండా, మశూచి ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరంలో ప్రత్యక్షమైంది. ఎక్కడినుంచి వచ్చింది? అక్కడి వైద్య కళాశాల ప్రయోగశాలలోంచి.

జానెట్ పార్కర్ అనే ఆవిడ ఆ కళాశాలలో ఫోటోలు తీసే ఉద్యోగి. వయస్సు నలభై. మశూచి క్రిములతో ఆవిడకి పనే లేదు. కాని ఆవిడ పనిచేసే గదులు ఆ ప్రయోగశాలకు సరిగ్గా పై అంతస్తులో వున్నాయి. 1978 ఆగస్టులో ఒంట్లో నలతగా వుందని మొదలై, ఒళ్ళంతా పొక్కులు లేచాయి. మశూచి అనే ఆలోచన ఎవరికి వస్తుంది? మందు పడలేదేమో, ఆటలమ్మేమో అనుకున్నారు. దాదాపు రెండు వారాల తరువాత ఆస్పత్రిలో అసలు సంగతి బయటపడింది. సెప్టెంబరు 11న ఆవిడ చనిపోయింది. ప్రపంచంలో మశూచితో పోయిన చివరి ప్రాణం అదే. దగ్గరుండి చూసుకున్న తల్లికి కూడా మశూచి సోకింది, అదృష్టవశాత్తు ఆమె కోలుకుంది. తండ్రి ఆ దిగులులోనే, ఇతరులకు దూరంగా వుంచిన రోజుల్లోనే, గుండెపోటుతో కూతురికంటే ముందే పోయాడు. ఆ ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ బెడ్సన్ మనోవ్యథ భరించలేక ప్రాణం తీసుకున్నాడు. ఆ తల్లి కొద్దిరోజుల తేడాలో భర్తనూ బిడ్డనూ పోగొట్టుకుంది. ఆస్పత్రి పడకమీద వున్న ఆమెకు వాళ్ళ అంత్యక్రియలు చూసే యోగం కూడా లేకపోయింది.

తరువాత విచారణ జరిగింది. క్రిమి పైఅంతస్తుకు ఏ దారిన వెళ్ళిందన్నది మాత్రం ఈనాటికీ ఒక కొలిక్కి రాలేదు. తీగలు, గొట్టాలు వెళ్ళే సందులోంచి గాలితోపాటు పైకి పోయి వుంటుందని విచారణ సంఘం భావించింది. కోర్టులో అది రుజువు కాలేదు. దారి సంగతి ఎలా వున్నా లోపల లోపాలు వున్నాయన్నది మాత్రం తేలింది. క్రిములతో చేసే పనిని ప్రత్యేకమైన అలమర లాంటి పెట్టెలో చేయాల్సి వుండగా, కొన్నిసార్లు దాని బయట చేశారు. బట్టలు మార్చుకుని స్నానం చేసి బయటికి వచ్చే ఏర్పాటు లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ తరఫున వచ్చి చూసినవాళ్ళు అదే సంవత్సరం మే నెలలోనే ఇవి చాలవని చెప్పివున్నారు. ఎలాగూ ఆ సంవత్సరాంతానికి ఆ ప్రయోగశాలను మూసేయబోతున్నారు. “ఇంకెన్నాళ్ళులే, మూసేసేదే కదా” అనే మాట మనమూ అంటాం – ఇల్లు మారబోతున్నామని పగిలిన స్విచ్చు బాగుచేయించకుండా వదిలేసినట్టు. ఆ కొద్ది నెలల్లోనే అంత ఘోరం జరిగింది.

ఆ తరువాత మశూచి క్రిమిని ప్రపంచం మొత్తంమీద రెండుచోట్ల మాత్రమే, ఒకటి అమెరికాలో, ఒకటి రష్యాలో, తాళాలమధ్య వుంచాలని తీర్మానించారు. దొంగచేతుల్లో పడకుండా కాపాడటం కూడా భద్రతలో భాగమే కదా. తీరా 2014లో అమెరికాలో బెతెస్డా అనేచోట, ప్రభుత్వ ప్రయోగశాల శీతలగదిలో, ఎవరూ పట్టించుకోని ఒక అట్టపెట్టె తీస్తే మశూచి సీసాలు ఆరు కనిపించాయి. 1950లనాటివి. పరీక్షిస్తే రెండింటిలో క్రిమి ఇంకా బతికే వుంది! వాటినన్నిటినీ తరువాత నాశనం చేశారు. అటకమీద ఏముందో పండక్కి ఒకసారైనా దింపి చూసుకోవాలని మనం ఊరికే అంటామా?

మరో సంగతి. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ప్రపంచాన్ని హడలగొట్టింది. ఎనిమిదివేలమందికి పైగా సోకింది, దాదాపు ఏడువందల డెబ్భైమంది పోయారు. ఆ జూలై నాటికి అదుపులోకి వచ్చిందన్నారు. 2004 వసంతకాలంలో చైనా రాజధాని బీజింగులోని వైరాలజీ సంస్థలో పనిచేస్తున్న ఒక విద్యార్థినికి అది సోకింది. అక్కడ సార్స్ క్రిమిని చంపామనుకుని, నిజంగా చచ్చిందో లేదో సరిగా సరిచూసుకోకుండా, మామూలు గదిలోకి తెచ్చి పనిచేశారు. చావలేదది. ఆ అమ్మాయికి జ్వరం వస్తే తల్లి వచ్చి సేవ చేసింది. ఆ తల్లి స్వయంగా డాక్టరు. ఆ విడతలో జబ్బు పడినవాళ్ళు మొత్తం తొమ్మిదిమంది. ఎనిమిదిమంది కోలుకున్నారు, కూతురు కూడా బతికింది. పోయింది ఆ తల్లి ఒక్కతే.

చూశారా! బర్మింగ్‌హాములో తల్లి, బీజింగులో తల్లి. ప్రయోగశాలలో జరిగిన లోపం మొట్టమొదట వెతుక్కుంటూ వచ్చేది ఇంటికి, ఇంట్లో మంచం పక్కన కూర్చునే మనిషి దగ్గరికి.

ఇంకొకటి కూడా చెప్పనివ్వండి. ఇది 2019లో చైనాలోనే లాన్‌జౌ నగరంలో జరిగింది. పశువులకు బ్రూసెల్లా జబ్బు రాకుండా టీకాలు తయారుచేసే కర్మాగారం. బయటికి వదిలే గాలిలో క్రిములు చచ్చేందుకు ఒక మందు వాడాలి. ఆ జూలై, ఆగస్టు నెలల్లో గడువు దాటిన మందు వాడారు. క్రిములు గాలితోపాటు బయటికి పోయాయి, చుట్టుపక్కల పదివేలమందికి పైగా సోకినట్టు పరీక్షల్లో తేలింది. సీసామీద తేదీ చూడకుండా పిల్లలకి జ్వరంమందు పోస్తామా మనం?

మన దేశంలోని పాత సంగతి కూడా ఒకటుంది. 1902లో ప్లేగు జోరుగా వున్న రోజుల్లో, పంజాబులోని మల్కోవాల్ అనే ఊళ్ళో, బొంబాయి ప్రయోగశాలలో తయారైన టీకా వేశారు. ఒక్క సీసాలోంచి టీకా వేసుకున్న పంతొమ్మిదిమందికీ ధనుర్వాతం వచ్చి అందరూ చనిపోయారు. ఆ టీకాను కనిపెట్టిన హాఫ్‌కిన్‌ మీద నేరం మోపి ఉద్యోగం నుంచి తప్పించారు. అసలు సంగతి ఏమిటంటే, సీసా తెరిచేచోట సహాయకుడి చేతిలోంచి పటకారు నేలమీద పడింది. దాన్ని మంటలో కాల్చి శుద్ధి చేయకుండా కాస్త మందునీళ్ళలో జాడించి, దానితోనే సీసా బిరడా లాగారు. మరి పరీక్ష చేయించి, పేరున్న శాస్త్రజ్ఞులు పత్రికకు ఉత్తరం రాసి, హాఫ్‌కిన్ నిర్దోషి అని ఒప్పించేసరికి 1907 వచ్చింది. ఆయన పేరే తరువాత ఆ బొంబాయి సంస్థకు పెట్టారు.

సోదరీమణులారా, వీటిల్లో ఒక్కదానికైనా కారణం మన బుర్రకి అందనంత పెద్దదా చెప్పండి. నేల మీద పడిన పటకారు, గడువు దాటిన మందు, సరిచూసుకోని సీసా, మరిచిపోయిన అట్టపెట్టె, “ఇంకెన్నాళ్ళులే” అన్న అలసత్వం. యంత్రాలు కొనడానికి డబ్బుంటే చాలు. ఈ చిన్న పనులు మాత్రం ప్రతిరోజూ, ప్రతి మనిషీ, ఎవరూ చూడకపోయినా చేయాలి. ఇల్లు నడిపేవాళ్ళం కాబట్టి అది ఎంత కష్టమో మనకి తెలుసు.

దీనికన్నా కష్టమైనది ఇంకొకటి వుంది. పొరపాటు జరిగితే నోరువిప్పి చెప్పడం. 2003 డిసెంబరులో తైపే నగరంలో ఒక శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో ఒలికిన వ్యర్థాన్ని తుడుస్తూ సార్స్ తెచ్చుకున్నాడు. జ్వరం వచ్చాక కూడా, తనకీ సంస్థకీ పరువు పోతుందని ఆస్పత్రికి వెళ్ళడానికి వెనకాడి కొన్ని రోజులు ఇంట్లోనే వుండిపోయాడని అప్పటి వార్తలు. అంత చదువుకున్నవాడే సిగ్గుపడి దాచుకుంటే, నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన మన పిల్లల సంగతేమిటి? నెలకి వచ్చే జీతం పోతుందేమో, పైవాళ్ళు తిడతారేమో, ఇంట్లో తెలిస్తే మానేయమంటారేమో, పెళ్ళి సంబంధం చెడుతుందేమో – ఎన్ని భయాలు!

కాబట్టి మనం చేయగల పని ఇక్కడే వుంది. ల్యాబులో పనిచేసే పిల్ల ఇంట్లో వుంటే కొన్ని సంగతులు ఆప్యాయంగా అడగండి, ఆరా తీస్తున్నట్టు కాకుండా.

మొదటిది తెల్లకోటు. అది ల్యాబులోనే విడిచి రావాలి. కోటుతోనే బస్సెక్కి, అదే కోటు ఇంట్లో చంటిపిల్లల బట్టలతో కలిపి వాషింగుమెషీన్లో వేయడం మంచిది కాదు. ఉతికించే బాధ్యత ల్యాబు యజమానిది. జుట్టు ముడివేసుకోవాలి, చున్నీ వేళ్ళాడకూడదు, వేళ్ళు మూసే చెప్పులు వేసుకోవాలి. చేతికి తొడుగులుండగా సెల్‌ఫోను ముట్టుకోకూడదు. ఆ ఫోనే కదా ఇంటికి వచ్చాక పసివాడి చేతిలో పెట్టేది! ల్యాబు ఫ్రిజ్జులో టిఫిను డబ్బా పెట్టకూడదు, ఆ బల్ల దగ్గర తినకూడదు. వెనకటికి గొట్టంలోకి ద్రవాన్ని నోటితో పీల్చేవారు, కిరసనాయిలు డబ్బాలోంచి రబ్బరుగొట్టంతో లాగినట్టు. అలా లాగి జబ్బులు తెచ్చుకున్నవాళ్ళు ఎందరో. ఇప్పుడు దానికి చేతితో నొక్కే సాధనాలున్నాయి, నోటితో పీల్చమని ఎవరు చెప్పినా వినకూడదు.

రెండోది సూది. రక్తం తీసిన సూదికి మళ్ళీ మూత పెట్టబోతేనే వేలికి ఎక్కువగా గుచ్చుకుంటుంది. మూత పెట్టకూడదు. వాడిన సూదులను గుచ్చుకున్నా చిరగని తెల్లడబ్బాలో వెయ్యాలని 2016నాటి ప్రభుత్వ నియమాలు చెబుతున్నాయి. మామూలు చెత్తబుట్టలో వేస్తే అది గుచ్చుకునేది సంచి ఎత్తే ఆయాకి, మున్సిపాలిటీ బండిమీది మనిషికి. ఈ సందర్భంలోనే చెబుతున్నాను, ఇంట్లో ఇన్సులిన్ సూదులు వాడేవాళ్ళు కూడా వాటిని కూరగాయల తొక్కలతో కలిపి పారెయ్యకండి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, నిండాక మీ ఆస్పత్రివాళ్ళు తీసుకుంటారేమో అడిగి అప్పగించండి.

ఎంత జాగ్రత్తగా వున్నా సూది గుచ్చుకోవచ్చు. అప్పుడేం చేయాలి? వేలిని నొక్కి రక్తం పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో కడగాలి. వెంటనే పైవాళ్ళకి చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఎయిడ్స్ క్రిమి సోకకుండా మందులున్నాయి. వీలైతే రెండు గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకూడదు. అంటే “రేపు చెబుదాంలే, సోమవారం చూద్దాంలే” అనుకునే వ్యవధి లేదన్నమాట.

మూడోది టీకా. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి క్రిమి రక్తంద్వారా సోకుతుంది. ల్యాబులో చేరేవాళ్ళు ముందే మూడు మోతాదుల టీకా పూర్తిచేసుకోవాలి. ఒకప్పుడు దిగుమతి టీకా సామాన్యుడు కొనలేని ధర పలికేది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారుచేసి చవగ్గా అందించింది. మన ఊళ్ళోనే పుట్టిన టీకా మన పిల్లలే వేయించుకోకపోతే ఎలా?

నాలుగోది కడుపుతో వున్న అమ్మాయిల సంగతి. మూడోనెల వచ్చేదాకా బయటపెట్టకూడదని మనకి ఒక ఆనవాయితీ. కాని రుబెల్లా, టాక్సోప్లాస్మా లాంటి కొన్ని క్రిములు కడుపులోని బిడ్డకి హాని చేసేవి. ప్రమాదం ఎక్కువగా వుండేది మొదటి నెలల్లోనే కావచ్చు. ఊరంతా చాటనక్కర్లేదు, పై అధికారి చెవినొక్కటే వేస్తే చాలు, పని మార్చి ఇస్తారు. అత్తగార్లు ఈ ఒక్క విషయంలో కోడళ్ళకి తోడుగా నిలబడాలి.

ఐదోది, జ్వరం వస్తే. ల్యాబులో పనిచేసే మనిషికి ఏ జబ్బు చేసినా డాక్టరుతో మొట్టమొదట “నేను ఫలానా ల్యాబులో, ఫలానా నమూనాలతో పనిచేస్తాను” అని చెప్పాలి. జానెట్ పార్కర్ పొక్కులు చూసిన తొలిరోజుల్లోనే ఆ మేడ కింది అంతస్తులో ఏముందో ఎవరికైనా తట్టివుంటే, ఆ తల్లికి సోకకుండా ముందే కాపుకాసి వుండేవారేమో!

ఇక ఆఖరిమాట మనకోసం. పిల్ల సాయంత్రం వచ్చి “అమ్మా, ఇవాళ చేతికి సూది గుచ్చుకుందే” అంటే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏమిటి? “కళ్ళెక్కడ పెట్టుకున్నావే? చెబితే విన్నావా? రేపట్నుంచి మానెయ్!” – ఇదేగా? ఆ మాట ఒక్కసారి విన్న పిల్ల రెండోసారి మనకి చెప్పదు. ల్యాబులో చెప్పదు, డాక్టరుకి చెప్పదు. అందుకని ముందు అడగాల్సినవి మూడే మూడు ప్రశ్నలు. “కడుక్కున్నావా? అక్కడ చెప్పావా? ఎంతసేపైంది?” ఆ తరువాత చెప్పులేసుకుని తనతోపాటు ఆస్పత్రికి నడవడం. కోప్పడాలనుకుంటే వచ్చాక తీరిగ్గా కోప్పడవచ్చు.

ల్యాబు నడిపేవాళ్ళు ఎవరైనా ఈ ప్రసంగం వింటూ వుంటే వారికీ ఇదే మనవి. సూది గుచ్చుకుందని వచ్చి చెప్పిన పిల్లను తిట్టకండి, జీతం కోయకండి. చెప్పినందుకు మెచ్చుకోండి. గది తుడిచే ఆయాకి కూడా తొడుగులివ్వండి, టీకా వేయించండి, ఏ రంగు సంచిలో ఏముందో తెలుగులో చెప్పండి. ప్రమాదం చదువు చూసి, జీతం చూసి రాదు.

మనం పరీక్షకి వెళ్ళినప్పుడు కూడా కళ్ళు తెరుచుకుని చూద్దాం. కొత్త తొడుగులు వేసుకుందా, సూది మనముందే కవరు చింపి తీసిందా, వాడాక డబ్బాలో వేసిందా అని. లేకపోతే మర్యాదగానే అడుగుదాం. “తొడుగు వేసుకో తల్లీ, నీ మంచికే” అంటే ఏ పిల్ల నొచ్చుకుంటుంది చెప్పండి!